రాహుకాలం పాస్టరప్ప

గురువారం పొద్దున నేను జిరాక్సు అంగడి షట్టరు లేపుతుండగానే మునెమ్మ వచ్చి నిలబడింది. చింతామణి మార్కెట్టు దగ్గర పూలమ్మే మనిషి. ఆ రోజు చేతిలో పూలబుట్ట లేదు, ఒక ఆధార్ కార్డు ఉంది. "పాస్టరప్ప పోయినాడమ్మా" అంది. ముందురోజు చిక్కబళ్ళాపురం బస్టాండులో జనంతో మాట్లాడుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేర్చేలోగా అంతా అయిపోయిందట. శుక్రవారం పొద్దున మట్టి చేస్తారట. బండికి ముందు కట్టడానికి పెద్ద ఫోటో కావాలి, ఆయనకు వేరే ఫోటో ఏదీ లేదు, ఇందులోదే పెద్దది చేసిమ్మని కార్డు నా బల్ల మీద పెట్టింది.

ఆధార్ కార్డులో ఎవరూ వాళ్ళలాగ ఉండరు. ఈ ఫోటో మాత్రం మరీ అన్యాయం. పెద్దది చేసేకొద్దీ, చేయని తప్పు ఒప్పుకోడానికి కూర్చోబెట్టిన మనిషిలా కనిపించాడు. వెలుతురు పెంచాను, తగ్గించాను, ఏం చేసినా ఆయన రాలేదు. ఎలా వస్తాడు? ఆ మెడ ఏనాడూ నిటారుగా నిలవలేదు. ఎదుటివాళ్ళ మాట వినడానికి ఒక పక్కకి వంచి, చెవి ముందుకు పెట్టుకుని తిరిగేవాడు. ఇంజను మోతలో ఎవరు ఎక్కడ దిగుతారో వినీ వినీ అలా అలవాటైపోయింది. మునెమ్మ ప్రింటు తీసుకుని వెళ్ళిపోయింది గానీ, ఆ కాగితం మీద ఉన్నది ఆయన కాదన్న కోపం నాకింకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వీధిలో అందరికీ ఆయన పాస్టరప్ప. అంతకుముందు కండక్టరప్ప. మిట్టేమరి వైపు సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టి, బాగేపల్లి నుంచి చింతామణికి తిరిగే ప్రైవేటు బస్సులో చాలా ఏళ్ళు టికెట్లు ఇచ్చాడు. ఏసుప్రభువు దగ్గరికి ఎలా చేరాడన్నదానికి వీధిలో రెండు మూడు కథలున్నాయి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన బస్సు వదిలాడు గానీ కండక్టరు పని ఆయన్ని వదల్లేదు. కరపత్రాలను నోట్లు మడిచినట్టు నిలువునా మడిచి వేళ్ళ సందున పెట్టుకునేవాడు. మాట్లాడుతుంటే ఎడమచెయ్యి నడుము దగ్గర లేని తోలుసంచిని తడుముకునేది. గడపలో నిలబడితే ఒక కాలు లోపల, ఒక కాలు బయట, ఫుట్‌బోర్డు మీద ఉన్నట్టే. ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అన్నాక, గోడో బల్లో ఏది దగ్గరుంటే దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. బస్సు పోనీమని డ్రైవరుకి చెప్పే తట్టు అది. అది వినపడ్డాకే జనం లేచేవాళ్ళు.

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు, దిగే స్టాపులు గుర్తుండేవి. గూళూరులో దిగే టీచరమ్మ, మామిడితోపు దగ్గర ఆపమనే ముసలాయన, ఇలాగ. నన్ను మొదటిసారి అంగట్లో చూసి "డ్రైవరు ఎనక సీటు కదమ్మా నువ్వు" అన్నాడు. నిజమే. కాలేజీ రోజుల్లో బాగేపల్లిలో మా మేనత్త ఇంటికి పోయేటప్పుడల్లా ఆ సీటు కోసం కొట్లాడేదాన్ని.

మాది పంచాంగం చెప్పే ఇల్లు. తాతల కాలం నుంచి గుడి సేవ, ముహూర్తాలు పెట్టడం. నాన్నకు ఎనభై దాటినా ఇప్పటికీ పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ టైము అడగడానికి జనం వస్తారు. ఇంటి ముందు రెండు అంగడి గదులున్నాయి. ఒకదానిలో నా జిరాక్సు మిషన్లు. రెండోది దక్షిణం మొగం, పైగా ఎదురుసందు నేరుగా వచ్చి దాని గుమ్మానికే తగులుతుంది. వీధిపోటు. మొబైల్ రిపేరు, ఫ్యాన్సీ స్టోరు, టైలరు, ఎవరు పెట్టినా కొన్నాళ్ళకే మూతపడింది. ఊరందరికీ వాస్తు చెప్పే మనిషి ఇంటికే పోటు ఉందని వీధిలో వేళాకోళం చేయనివాళ్ళు లేరు.

పాస్టరప్ప వచ్చి అడిగింది ఆ గదినే. నాన్న ఏదీ దాచే మనిషి కాదు, దోషం మొత్తం విప్పి చెప్పాడు. మామూలుగా అది విన్నవాళ్ళు శాంతి ఏమైనా ఉందా అంటారు. ఈయన "ఉండనీండి సామీ" అన్నాడు. దేనికి గది అంటే ప్రార్థనకన్నాడు. నేను మిషను ఆపేసి నాన్న మొహం చూశాను. ఇప్పుడు లేచి తరుముతాడని నా లెక్క. నాన్న ఎప్పుడు చేరతావప్పా అంటూ పంచాంగం చేతిలోకి తీసుకున్నాడు. ఎవరు గదిలో చేరినా మంచి రోజు చూసి చెప్పడం ఆయన అలవాటు.

"మంచి టైము అందురికీ కావల్ల సామీ. నాకు రాహుకాలం చెప్పండి" అన్నాడు పాస్టరప్ప.

నాన్న కళ్ళద్దాలు తీసి ఆయన్ని చూశాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని నాకూ అనిపించింది.

"బస్సులో తిరిగి చూసినా కదా సామీ. రాహుకాలంలో ఎవురూ కొత్త బేరం పెట్టుకోరు, సంతకం చెయ్యరు, బండి తియ్యరు. అంగళ్ళలో ఊరికే కూర్చోనుంటారు. ఆ పొద్దులో అయితే నా మాట ఇనేకి వాళ్ళకి తీరిక ఉంటాది."

అలా మొదలైంది ఆయన సంఘం. జనం వద్దనుకున్న గది, జనం వద్దనుకున్న టైము, రెండూ తీసుకున్నాడు. నాన్న ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. జీవితమంతా రాహుకాలం తప్పించుకోడానికి వచ్చేవాళ్ళనే చూసిన మనిషి, దాన్ని కోరి అడిగినవాణ్ణి చూసి ముచ్చటపడ్డాడేమో.

రాహుకాలం రోజుకొక వేళ వస్తుంది కాబట్టి, గోడ క్యాలెండరు చూసుకుంటే పోయేది. అది సరిపోదని, పొద్దుపొడుపును బట్టి కాస్త అటూ ఇటూ జరుగుతుందని నాన్న చెప్పాక, వారానికోసారి వచ్చి గడపలో నిలబడి అడిగేవాడు. నాన్న చెబుతుంటే మెడ వంచి విని, బస్సు టైములు ఒప్పజెప్పినట్టు తిరిగి ఒప్పజెప్పేవాడు. ఒక్కోసారి తప్పు చెబితే నాన్న దిద్దేవాడు. పంచాంగం చెప్పే సామీ, పాస్టరు కలిసి రాహుకాలం పాఠం చదువుతున్నారని పాలవాడు కూడా నవ్వేవాడు.

ఆ వేళకు మునెమ్మ కంజిర పట్టుకుని వచ్చేది. ఇద్దరూ బస్టాండు దగ్గరో, టమాటా మండీ గేటు దగ్గరో నిలబడేవాళ్ళు. తెలుగులో ఒక పాట, కన్నడంలో ఒక పాట. ఆయన పెద్దగా అరిచేవాడు కాదు, ఎవరి దేవుణ్ణీ తిట్టడం నేను వినలేదు. "కూర్చునేకి జాగా ఉండాది, రాండి" అనేవాడు, అంతే. ఆదివారం సాయంత్రం రాహుకాలానికి గదిలో జనం పట్టకపోతే, ముందుకు జరగండమ్మా, ఎనక ఇంకా ఎక్కేవాళ్ళుండారు అనేవాడు. వచ్చేవాళ్ళు ఎవరని? మండీలో హమాలీలు, పట్టుదారం రీలింగు పనికి పోయే ఆడవాళ్ళు, తాగే మొగుళ్ళతో వేగలేనివాళ్ళు. గోడకు ఇవతల నేను పాటల మోతలో కాపీలు లెక్క తప్పి విసుక్కునేదాన్ని. ఒకసారి మిషనులో కాగితం ఇరుక్కుపోయి మూడు రోజులుగా నేను తల పట్టుకుని కూర్చుంటే, ఆయన దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అది కదల్లేదు. ఆ మాట ఆయన మొహానే అన్నాను. సాయంత్రానికి మెకానిక్ వచ్చి బాగుచేసి పోతే, "మెకానిక్ వచ్చినాడు కదమ్మా" అన్నాడు. రెండు రోజుల ముందే రావాల్సిన మెకానిక్ అతను. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆయన చేసిన పొరపాటు ఒకటుంది. రాహుకాలం ఖాళీ అనుకున్నాడు. మా వీధికి అది ఖాళీ టైము కాదు, భయపడే టైము. పొద్దున తొమ్మిదికో సాయంత్రం ఏడుకో పాడుకుని ఉంటే ఎవరూ తల తిప్పి చూసేవాళ్ళు కాదు. పనిగట్టుకుని రాహుకాలంలోనే, అదీ వీధిపోటు గదిలో పాడితే, జనం ఇంకేమనుకుంటారు? ఎదురుసందు మూలన హార్డ్‌వేర్ అంగడి ఉంది. దాని ఓనరు చెడ్డవాడేం కాదు, ఆ అంగడికి ముహూర్తం పెట్టింది మా నాన్నే. ఆయన కొత్తగా కొన్న టెంపో గూళూరు దారిలో బోల్తా పడింది, డ్రైవరు కాలు విరిగింది. వారం తిరక్కుండానే మాట పుట్టింది. ఆ పాస్టరు రోజూ రాహుకాలం చూసి మన వీధి మీద ఏదో చేస్తాండాడని.

ఆ తర్వాత వీధి మారిపోయింది. ఆదివారాల్లో ఎవరో కుర్రాళ్ళు ఎదురుగట్టు మీద కూర్చుని, గదిలోకి పోయే ఆడవాళ్ళను ఫోనులో తీసేవాళ్ళు. మతం మార్పిస్తాండారని స్టేషనులో అర్జీ పడిందని విన్నాం. మునెమ్మ కొంగు మొహానికి కప్పుకుని వచ్చేది. మా ఇంటి సంగతీ అంతే. మూడు తరాలుగా నాన్ననే పిలిచే ఒక ఇంట్లో గృహప్రవేశానికి వేరే ఊరి పురోహితుడు వచ్చాడు. నాన్న ఆ మేళం శబ్దం వింటూ వసారాలో కూర్చున్నాడు. గది ఖాళీ చేయించు నాన్నా, ఈ వయసులో నీకెందుకిది అని నేను రోజూ పోరు పెట్టాను. చూస్తాం అనేవాడు. ఆ చూస్తాం వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం సాయంత్రం వచ్చారు. పదీ పదిహేను మంది, సగం మంది మా వీధివాళ్ళే కాదు. లోపల పాట నడుస్తోంది. ఒకడు షట్టరు పట్టుకుని దబ్బున కిందికి లాగాడు. పాట ఆగిపోయింది. లోపల ఆడవాళ్ళు, ఒక చంటిబిడ్డ ఏడుపు. పాస్టరప్ప ఆ సమయానికి గడపలోనే ఉన్నాడు కాబట్టి బయట మిగిలాడు. షట్టరుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఆయన మెడ వంచి, వాడు చెప్పేది వింటున్నట్టు చూస్తున్నాడు. హార్డ్‌వేర్ ఓనరు మా వసారా దగ్గరకి వచ్చి, సామీ, ఇల్లు మీది, మీరు పొమ్మని ఒక్క మాట చెప్పండి, మిగిలింది మేము చూసుకుంటాం అన్నాడు. మిగిలింది ఏమిటో వాళ్ళ చేతుల్లోని కర్రలు చూస్తే తెలుస్తోంది.

నాన్న ఉత్తరీయం కప్పుకుని, మడతకుర్చీ తీసుకుని బయటికి వచ్చాడు. సరిగ్గా షట్టరు ముందు వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు రాహుకాలం జరుగుతాండాది. ఇది పోయేదాకా నేను ఏ మాటా చెప్పను. మీరూ ఏ పనీ మొదులు పెట్టొద్దండి."

ఒక కుర్రాడు కన్నడంలో ఏదో అని నవ్వాడు. హార్డ్‌వేర్ ఓనరు వాణ్ణి వారించాడు. టెంపో బోల్తా పడినప్పటి నుంచి ఆ టైములో అంగడి తాళం కూడా తియ్యని మనిషి ఆయన. మిగతావాళ్ళకూ ఇళ్ళల్లో అమ్మలున్నారు, రాహుకాలమంటే తెలుసు. కాలరు పట్టుకున్న చెయ్యి వదిలింది. ఎవరూ వెళ్ళిపోలేదు, ఎవరూ ముందుకు రాలేదు. అందరూ నిలబడి రాహుకాలం పోవడానికి ఎదురుచూశారు.

అంత పొడుగాటి సాయంత్రం నేనెప్పుడూ చూడలేదు. నాన్న షట్టరు సగం ఎత్తించాడు, బిడ్డకు గాలాడాలని. నేను లోపలికి నీళ్ళిచ్చాను. బయట కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒకడు అక్కా మాకూ అంటే వాళ్ళకీ ఇచ్చాను. మాటిమాటికీ అందరూ ఫోన్లలో టైము చూసుకుంటున్నారు. నేనూ చూస్తున్నాను, అది పోకూడదని. రాహుకాలం పోవద్దని కోరుకున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే అయ్యుంటాను. టైము పోయాక నాన్న ఏం చెబుతాడు? పొమ్మంటే ఈయన గతి ఏమిటి, ఉండమంటే మా గతి ఏమిటి? నాన్న మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

రాహుకాలం ఇంకాసేపట్లో పోతుందనగా పోలీసు జీపు వచ్చింది. అర్జీ ఉందని, విచారణకు పాస్టరప్పను ఎక్కమన్నారు. అప్పుడు నాన్న కుర్చీ పట్టుకుని లేచాడు. ఏదో చెప్పబోతున్నాడు. వీధంతా ఆయన్నే చూస్తోంది. పాస్టరప్ప అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సామీ. మీ మాట మీకాడే ఉండనీండి."

జీపు వెనక ఎక్కి కూర్చుని, అలవాటు చొప్పున బాడీ మీద రెండుసార్లు తట్టాడు. డ్రైవరు గబుక్కున బండి ముందుకు పోనిచ్చాడు. ఎక్కాల్సిన హెడ్ కానిస్టేబులు రోడ్డు మీదే నిలబడిపోయాడు. ఎవరో ఫక్కున నవ్వారు. హార్డ్‌వేర్ ఓనరు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వుతో గుంపు వదులైపోయింది, ఒక్కొక్కరే జరుక్కున్నారు. లోపలి ఆడవాళ్ళను ఇద్దరిద్దరిగా మా పెరటి గుండా పంపించాను.

మర్నాడు పాస్టరప్ప స్టేషను నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. కింది పెదవి వాచి ఉంది. ఎలా వాచిందో చెప్పలేదు. గది తాళంచెవి నాన్న ముందు పెట్టాడు. నేను పొమ్మనలేదే అన్నాడు నాన్న. ఆ గొంతులో కోపం నాకు కొత్త.

"మీరు చెప్పాల్సి వస్తాదనే పోతాండా సామీ" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆయనకు గది లేదు. మునెమ్మ ఇంట్లో, ఇంకెవరి ఇంట్లోనో కూడేవాళ్ళు. బస్టాండులే ఆయనకు మిగిలాయి, బాగేపల్లిలో ఒకరోజు, చిక్కబళ్ళాపురంలో ఒకరోజు. టైము మాత్రం మార్చుకోలేదు. చింతామణిలో ఉన్నప్పుడు వారానికోసారి వచ్చి మా గడపలో ఒక కాలు పెట్టి, రాహుకాలం అడిగి పోయేవాడు. లోపలికి రా అంటే, ఎనక బండి ఉండాదమ్మా అనేవాడు. బండి ఏదీ ఉండేది కాదు. ఆ గదిని హార్డ్‌వేర్ ఓనరే గోడౌనుకు అడిగాడు. నాన్న చూస్తాం అన్నాడు. ఆ చూస్తాం మీద అది ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది.

శుక్రవారం పొద్దున బండి మా వీధిలోంచే పోయింది. బాడిగ టెంపో, నేను ప్రింటు చేసిన ఆ మొహం ముందు కట్టి ఉంది. రాహుకాలం రాకముందే శ్మశానానికి చేరాలని డ్రైవరు తొందరపడి బయలుదేరాడట. కానీ గది ముందు ఒక్క నిమిషం ఆపమని మునెమ్మ బతిమాలింది. ఆపాడు. మూసి ఉన్న షట్టరు ముందు నిలబడి ఒక పాట అందుకున్నారు. పాట ఒకటి రెండయింది, రెండు మూడయింది. అయిపోయి చూసేసరికి పదిన్నర దాటిపోయింది. డ్రైవరు స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. పోతాండే బండయితే ఏమో గానీ, ఆగిన బండిని, అందులోనూ శవంతో, ఈ టైములో తియ్యనన్నాడు. పన్నెండు దాకా ఉంటానన్నాడు.

మునెమ్మ చేతులు జోడించింది. వాడు కిందికి దిగి దూరంగా నిలబడ్డాడు. వెనక బైకులు హారన్లు కొడుతున్నాయి. హార్డ్‌వేర్ ఓనరు అంగట్లోంచి బయటికి వచ్చాడు, శవం తన గుమ్మానికి ఎదురుగా ఆగి ఉంది. ఎదురుగట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. నాకు మళ్ళీ ఆ ఆదివారం సాయంత్రం కళ్ళ ముందు కనబడింది. బతికున్నప్పుడు నిలవనివ్వలేదు, ఇప్పుడు పోనివ్వడం లేదు అని ఏడుపొచ్చింది.

నాన్న వసారా దిగి వచ్చాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సంధ్య వార్చుకున్న మనిషి. శవం ఉన్న బండి దగ్గరికి అలా పోకూడదు. పోయాడు. ఫోటో ముందు ఆగి చూసి, ఇది ఆయన మాదిరి లేదే అన్నాడు నాతో. తర్వాత డ్రైవరును పిలిచాడు.

"ఇది ఆయన టైమప్పా. బండి తియ్యి."

"సామీ, మీరే చెప్తాండారా?"

"నేనే చెప్తాండా."

డ్రైవరు హార్డ్‌వేర్ ఓనరు వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు గానీ ఇంకా జంకుతూనే ఉన్నాడు. నాన్న పక్కకి వచ్చి, అరచేత్తో బండి బాడీ మీద రెండుసార్లు తట్టాడు. బండి కదిలింది.

ఇంట్లోకి వచ్చి తలమీంచి నీళ్ళు పోసుకున్నాడు. జంధ్యం మార్చుకున్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. నేను అంగడికి వచ్చి మిషను వేసుకున్నాను, వేడెక్కేదాకా ఊరికే కూర్చున్నాను. ఎదురుగా హార్డ్‌వేర్ అంగడి సగం షట్టరు దించి ఉంది. కాసేపటికి నాన్న తడిజుట్టుతో వచ్చి, పక్కగది తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు.

"ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి. మునెమ్మకు ఫోను చేసి చెప్పు" అన్నాడు.